తెర నల్లబడితే ముందు ఎటు చూడాలి

(ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటర్ వాడేవారి కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

"కంప్యూటర్ పనిచేయడం లేదు" అని ఎవరైనా అంటే నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. తెర పూర్తిగా చీకటిగా ఉందా, దాని మీద ఒక్క అక్షరమైనా కనిపిస్తోందా? చాలామందికి ఈ ప్రశ్న నచ్చదు. "ఏదైతేనేమండీ, పని ఆగిపోయింది కదా" అంటారు. పని ఆగడం నిజమే గానీ, ఆ రెంటికీ మందు వేరు. తెర మీద 'నో సిగ్నల్' అని కనిపిస్తోందనుకోండి. ఆ రెండు ముక్కలూ రాసింది మానిటరే, కంప్యూటర్‌కు అందులో పాత్ర లేదు. కరెంటు అందుతోంది, లోపలి దీపం వెలుగుతోంది, బొమ్మ మాత్రం రావడం లేదు అని మానిటర్ మనకు చెబుతోంది. అప్పుడు కొత్త మానిటర్ కొనడానికి పరుగెత్తితే డబ్బు దండగ. కొత్తది కూడా అదే మాట రాస్తుంది.

గోడ దగ్గర స్విచ్ నుంచి మన కంటి ముందు బొమ్మ వరకు ఒక దారి ఉంది. గోడ, ఎక్స్‌టెన్షన్ బోర్డు, పవర్ కేబుల్, కంప్యూటర్ పెట్టెలోని ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి అందించే డబ్బా), మదర్‌బోర్డు (భాగాలన్నీ కూర్చునే పెద్ద పలక), ప్రాసెసర్, ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు వాడుకునే మెమరీ), గ్రాఫిక్స్ (బొమ్మ తయారుచేసే భాగం), మళ్ళీ ఒక కేబుల్, చివర మానిటర్. ఎక్కడి దాకా వచ్చింది, ఎక్కడ ఆగింది? ఈ ఒక్క ప్రశ్న వదలకుండా పట్టుకుంటే ఇళ్లలో వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం కుర్చీలోంచి లేవకుండానే తేలిపోతాయి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కళ్లు, చెవులు, ఒక టార్చి లైటు చాలు.

ముందు పూర్తిగా చచ్చుపడిన పెట్టె సంగతి చూద్దాం. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఫ్యాను తిరగదు, దీపం వెలగదు. ఎక్స్‌టెన్షన్ బోర్డును నమ్మకండి. ఆ పవర్ కేబుల్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడండి. అదే సాకెట్‌కు ఒక టేబుల్ లైటు పెట్టి అది వెలుగుతోందో లేదో చూడండి. పెట్టె వెనక, పవర్ కేబుల్ దూర్చే చోటుకు పక్కనే చిన్న స్విచ్ ఉంటుంది. గీత గుర్తున్న వైపు నొక్కి ఉంటే నడుస్తున్నట్టు, సున్నా గుర్తున్న వైపు నొక్కి ఉంటే ఆపినట్టు. ఇల్లు ఊడ్చినప్పుడో, పెట్టె జరిపినప్పుడో ఆ స్విచ్‌కు చేయి తగులుతుంది. ఎవరికీ గుర్తుండదు. మెకానిక్ వచ్చి ఆ ఒక్క స్విచ్ నొక్కి వెళ్లిన ఇళ్లు లెక్కలేనన్ని.

ఇంకో సులువు ఉంది. చాలా మానిటర్లకూ, పెట్టెకూ ఒకే రకం పవర్ కేబుల్ వస్తుంది. మానిటర్ వెలుగుతూ పెట్టె వెలగకపోతే రెండు కేబుళ్లూ తారుమారు చేసి పెట్టండి. ఇప్పుడు మానిటర్ ఆరిపోయి పెట్టె లేచిందా, దొంగ ఆ కేబులే. ఏమీ మారలేదా, కేబుల్ మీద అనుమానం తీరిపోయింది. పనిచేస్తుందని తెలిసినదాన్ని అనుమానం ఉన్నదాని స్థానంలో పెట్టి చూడటం అన్నిటికంటే పాత పద్ధతి, దీన్ని మించినది నాకింతవరకు కనిపించలేదు. అయితే ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, ర్యామ్, సాకెట్ మూడూ ఒకేసారి మార్చితే కంప్యూటర్ లేవొచ్చు. ఎందుకు లేచిందో మాత్రం తెలియదు, వారం తిరిగేసరికి మళ్ళీ పడుకుంటే మొదటికి వస్తారు.

అప్పటికీ కదలకపోతే గోడ నుంచి ప్లగ్ తీసేసి, పవర్ మీటను ఒక అర నిమిషం నొక్కి పట్టుకుని, వదిలి, మళ్ళీ ప్లగ్ పెట్టి చూడండి. లోపల మిగిలిన చార్జి పోయి మదర్‌బోర్డు తేరుకోవడం ఉంది. చిట్కా వైద్యంలా కనిపిస్తుంది గానీ దీనికి కారణం ఉంది. పెట్టె ఆపేసినా, ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. మీట నొక్కగానే లేవడానికి అది కావాలి. అందుకే పెట్టె మూత తీసేముందు షట్ డౌన్ చేస్తే చాలదు, ప్లగ్ తీయాలి.

ఇక్కడ ఒక గీత గీస్తాను, దాన్ని దాటవద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పకండి. ప్లగ్ తీసేసినా దాని లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీయగలిగినంత వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది. అది పాడైతే మొత్తంగా మార్చేయడమే. బాగుచేసి చూపిస్తానన్న పంతం అక్కడ పనికిరాదు.

ఇక రెండో రకం. నా అనుభవంలో జనాన్ని ఎక్కువగా కంగారు పెట్టేది ఇదే. మీట నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ లేదు. "పెట్టె బాగానే ఉంది, మానిటర్ పోయింది" అని ఇంట్లోవాళ్లు తీర్పు ఇచ్చేస్తారు. ఫ్యాను తిరిగినంత మాత్రాన కంప్యూటర్ లేచినట్టు కాదు. ఫ్యాను తిరగడానికి 12 వోల్టులు చాలు, ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మాట కలవాల్సిన పని లేదు. నిజంగా లేచిందో లేదో తెలుసుకోవాలంటే కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతోందంటే లోపల ఎవరో మేలుకొనే ఉన్నారు, లోపం బొమ్మ వచ్చే దారిలో ఉండే అవకాశం ఎక్కువ. దీపం చలించకపోతే అసలు లేవనే లేదని అనుమానించాలి.

మేలుకొనే ఉందనుకుందాం. పెట్టె వెనక్కి వెళ్లండి. మానిటర్ కేబుల్ పెట్టుకునే చోట్లు రెండు ఉండవచ్చు. పైన మదర్‌బోర్డుకు చెందినవి, వాటి దగ్గరే యూఎస్‌బీ పోర్టులుంటాయి. కింద అడ్డంగా విడిగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న పెట్టెలో కేబుల్‌ను కార్డుకే పెట్టాలి. ఇల్లు మారినప్పుడు, పెట్టె శుభ్రం చేసినప్పుడు కేబుల్ పైదానికి వెళ్లిపోతుంది. కొన్ని ప్రాసెసర్లలో అసలు బొమ్మ చూపించే భాగమే ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్ సంఖ్య చివర 'ఎఫ్' అక్షరం ఉంటే అది అలాంటిదే. అప్పుడు మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టు ఉత్త రంధ్రం. దానికి ఎంత మంచి కేబుల్ పెట్టినా చీకటే.

మానిటర్ వైపు కూడా ఒకటి చూడాలి. మానిటర్‌కు రెండు మూడు ఇన్‌పుట్‌లు ఉంటే, కేబుల్ ఒకదానికి ఉండి మెనూలో ఇంకొకటి ఎంచుకుని ఉండవచ్చు. మానిటర్ అంచున ఉన్న మీటతో ఇన్‌పుట్ మార్చి చూడండి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తీసేటప్పుడు మాత్రం లాగకండి. చాలావాటికి చిన్న కొక్కెం ఉంటుంది, పైనున్న మీట నొక్కితేనే ఊడుతుంది. నొక్కకుండా పీకితే పోర్టే ఊడి చేతికి వస్తుంది.

ఇక అసలు లేవని పెట్టె. అనుమానం మొట్టమొదట ర్యామ్ మీదకు వెళ్లాలి. ర్యామ్ చెడిపోవడం కంటే దాని కాంటాక్టు చెడిపోవడం ఎక్కువ. ప్లగ్ తీసి, పక్క మూత తెరిచి, పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. మన ఒంటి మీద ఉండే స్థిర విద్యుత్తు అందులోకి పోతుంది. ర్యామ్ ముక్కకు రెండు కొసల్లో కొక్కేలుంటాయి, కొన్ని బోర్డుల్లో ఒక కొసకే ఉంటుంది. కొక్కెం వెనక్కి వంచితే ముక్క పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని తీయండి, కింద బంగారు రంగు గీతలకు వేళ్లు తగలనివ్వకండి. ఆ గీతల మధ్య ఒక గంటు ఉంటుంది, సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు. స్లాటులోని గట్టుకు ఆ గంటు ఎదురుగా రావాలి. రెండు బొటనవేళ్లతో రెండు కొసలా నొక్కాలి. చాలామంది ఇక్కడ భయపడి సుతారంగా వదిలేస్తారు, ముక్క సగమే దిగుతుంది. కొక్కెం తనంతట తాను 'టక్' మని పడాలి. ఆ చప్పుడు వినకపోతే అది కూర్చోలేదు.

రెండు ముక్కలు ఉంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది. ఒకదానితో లేచి ఇంకొకదానితో లేవకపోతే ఏది చెడిందో తెలిసిపోయినట్టే. రెండూ పెట్టేటప్పుడు చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటు, నాలుగో స్లాటు వాడాలి. గీతలను రబ్బరుతో రుద్దడం మెకానిక్‌లలో పాత అలవాటు. పని జరుగుతుంది, కాదనను. గట్టిగా రుద్దితే పూత అరుగుతుంది, రబ్బరు పొడి స్లాటులో పడి కొత్త తగువు తెస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే నాకు తృప్తి.

ఈమధ్య వస్తున్న డీడీఆర్5 ర్యామ్ ఉన్నవారికి ఒక మాట. కొత్తగా ర్యామ్ పెట్టాక మొదటిసారి లేచేటప్పుడు బోర్డు ఆ ర్యామ్‌ను పరీక్షించుకుని సర్దుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఓపిక లేక మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటి నుంచి. ఒక టీ తాగి వచ్చి చూడండి.

బోర్డే కొన్నిసార్లు తన బాధ చెబుతుంది. పాత బోర్డుల్లో బీప్ శబ్దాలుంటాయి, వాటి అర్థం తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి ఆ బోర్డు మాన్యువల్ చూడాలి. కొత్త బోర్డుల్లో చాలావాటి మీద ఒక మూల నాలుగు చిన్న దీపాలుంటాయి, వాటి పక్కన సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్క్) అని రాసి ఉంటుంది. లేచేటప్పుడు ఒక్కొక్కటీ వెలిగి ఆరిపోతాయి. ఏది వెలిగి నిలిచిపోయిందో అక్కడ ఆగిందన్నమాట. ఇంత స్పష్టంగా చెబుతున్నా మూత తీసి చూసేవాళ్లు లేరు.

(సభలో ఒకరు: మా మానిటర్ పవర్ దీపం వెలుగుతుంది, కానీ 'నో సిగ్నల్' కూడా రాదు, అంతా నలుపే. అప్పుడు ఏమి చేయాలి?)

మంచి ప్రశ్న. గదిలో దీపాలు ఆర్పేయండి. కంప్యూటర్ నడుస్తుండగా టార్చి లైటును తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టుకోండి. లీలగా ఐకాన్లో, అక్షరాలో కనిపిస్తున్నాయా? కనిపిస్తే బొమ్మ వస్తోంది, దాని వెనక ఉండాల్సిన వెలుగు రావడం లేదు. ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. దాని వెనక బ్యాక్‌లైట్ ఉంటుంది. పాతవాటిలో సన్నటి ట్యూబులైట్ల లాంటివి, తర్వాత వచ్చినవాటిలో ఎల్‌ఈడీలు. అదో, దాన్ని నడిపే సర్క్యూటో చెడిపోతే ఇలా అవుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు, ఆ సర్క్యూట్లలో కూడా ఎక్కువ వోల్టేజి ఉంటుంది. అయితే వెలుగు అసలు లేకుండా పోకపోవచ్చు. ఎవరైనా మెనూలో బ్రైట్‌నెస్ సున్నాకు దించేశారేమో కూడా ఒకసారి చూడండి. పిల్లలున్న ఇంట్లో దీనికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

మానిటర్ బొమ్మ చూపిస్తూనే వంకరపోయే సందర్భాలు చెబుతాను. గీతలు పడటం, మిణుకుమనడం, రంగులు మారడం. ఇవి ఎవరి పాపమో తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి, రెండూ ఉచితం.

ఒకటి, మానిటర్ సొంత మెనూ తెరవండి. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మార్చుకునే మెనూ. అది మానిటర్ తనే గీసుకునే బొమ్మ, కంప్యూటర్ నుంచి రాదు. తెరంతా గీతలు పడి ఆ మెనూ మీద మాత్రం గీతలు లేకుండా శుభ్రంగా ఉంటే, తప్పు కేబుల్‌దో కంప్యూటర్‌దో. మెనూ మీదుగా కూడా గీత నడిచి వెళ్తుంటే తప్పు తెరదే.

రెండోది స్క్రీన్‌షాట్. గీతలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోనుకు పంపుకుని ఫోనులో చూడండి. అక్కడ గీతలు లేకపోతే విండోస్ గీసిన బొమ్మ బాగానే ఉంది, ఆ తర్వాత ఎక్కడో చెడింది. ఫోనులోనూ గీతలు వస్తే బొమ్మ పుట్టుకలోనే లోపం, అంటే డ్రైవరో (విండోస్‌కూ పరికరానికీ మధ్య మాట కలిపే ప్రోగ్రామ్), వేరే ప్రోగ్రామో, గ్రాఫిక్స్ కార్డో. కెమెరాతో తెరను ఫొటో తీస్తే ఈ పరీక్ష పనికిరాదు, స్క్రీన్‌షాటే తీయాలి.

మిణుకుమిణుకుమంటుంటే మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పే పరీక్ష ఒకటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ (నడుస్తున్న ప్రోగ్రాములను చూపించే విండో) తెరవండి. తెరతో పాటు టాస్క్ మేనేజర్ కూడా మిణుకుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించండి. అది ఒక్కటి నిలకడగా ఉండి మిగతాదంతా మిణుకుతుంటే ఏదో ఒక ప్రోగ్రామ్ పొసగడం లేదు. డ్రైవర్ ఇరుక్కుపోయి తెర ఉన్నట్టుండి నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒకసారి రెప్ప వేసి, చిన్న బీప్‌తో డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. తెరిచి ఉన్న పనేమీ పోదు. పెట్టె మీట నొక్కి పట్టుకుని చంపేసే ముందు దీన్ని ప్రయత్నించండి.

పాత నీలం రంగు వీజీఏ కేబుల్ ఇంకా వాడుతున్నవారు ఉన్నారు కదా. ఐబీఎం 1987లో తెచ్చిన ఏర్పాటు అది, ఇంకా బతికే ఉంది. దానిలో 15 పిన్నులు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కోదానికి ఒక్కో తీగ. తెర మొత్తం పసుపు తిరిగితే నీలం తీగ అందడం లేదు. గులాబీ, ఊదా కలిసినట్టు ఉంటే ఆకుపచ్చ పోయింది. నీలిపచ్చగా ఉంటే ఎరుపు పోయింది. కేబుల్ ఊడదీసి పిన్నులను ఎదురుగా చూడండి, ఒకటి వంగి పక్కకు పడుకుని ఉంటుంది. కొన్ని కేబుళ్లలో ఒకటి రెండు పిన్నులు తయారీలోనే ఉండవు, అది లోపం కాదు. వంగినదాన్ని సన్నటి పట్టకారుతో మెల్లగా నిలబెట్టవచ్చు. పెట్టాక పక్కనున్న రెండు మరలూ బిగించండి. మర బిగించకుండా వదిలేసిన వీజీఏ కేబుల్ తెచ్చే బాధలు ఇన్నీ అన్నీ కావు.

'అవుట్ ఆఫ్ రేంజ్' అని వస్తే మానిటర్‌కు బొమ్మ అందుతోంది, దాని శక్తికి మించిన రిజల్యూషన్‌లోనో (బొమ్మలోని చుక్కల లెక్క), రిఫ్రెష్ రేటులోనో (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) అందుతోంది. సెట్టింగులు మార్చేటప్పుడు తెర నల్లబడితే ఏ మీటా నొక్కకండి. మీరు ఒప్పుకోకపోతే విండోస్ 15 సెకన్లలో పాత సెట్టింగుకు తనే వెళ్లిపోతుంది. ఆ 15 సెకన్లు చేతులు కట్టుకుని కూర్చోవడమే అసలు చికిత్స.

హెచ్‌డీఎంఐ పెట్టాక స్పీకర్లు మూగబోయాయని అడిగేవారుంటారు. ధ్వని కూడా అదే కేబుల్‌లో మానిటర్ వైపు వెళ్లిపోయింది. తెర కింద మూల స్పీకర్ గుర్తు నొక్కి మీ స్పీకర్లను ఎంచుకుంటే సరి.

ఇప్పుడు చాలామంది నమ్మని విషయం ఒకటి. "రీస్టార్ట్ చేశారా?" అంటే "రోజూ రాత్రి షట్ డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తాను" అంటారు. రెండూ ఒకటని అనుకోవడం సహజమే. విండోస్ 8తో 2012లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. షట్ డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములన్నీ మూసేసి, విండోస్ తన లోపలి కేంద్ర భాగాన్ని మాత్రం డ్రైవర్లతో సహా డిస్క్ మీద దాచుకుంటుంది. పొద్దున దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. అందుకే త్వరగా లేస్తుంది. నిన్న ఇరుక్కున్న డ్రైవర్ కూడా దానితో పాటే క్షేమంగా తిరిగొస్తుంది. రీస్టార్ట్ నొక్కితే ఈ దాపరికం ఉండదు, అంతా కొత్తగా మొదలవుతుంది. నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి సీపీయూ కింద 'అప్ టైమ్' చూడండి. రోజూ రాత్రి ఆపుతున్న కంప్యూటర్‌కు కూడా అక్కడ రోజుల లెక్క కనిపిస్తే కారణం ఇదే. కాబట్టి ప్రింటరో, సౌండో, యూఎస్‌బీయో మొండికేస్తే ముందు రీస్టార్ట్ నొక్కండి. డ్రైవర్లు పీకి విండోస్ మళ్ళీ ఎక్కించడం అంటే ఇల్లు పీకి పందిరి వేయడమే.

(సభలో మరొకరు: మా కంప్యూటర్‌లో ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు, భద్రత లేదని హెచ్చరిక వస్తోంది. వైరస్ అంటారా?)

కింద మూల తేదీ ఎంత చూపిస్తోందో చూశారా? చూడలేదు కదా. చాలా పాత తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. పెట్టెకు ప్లగ్ లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపేది అదే. వెబ్‌సైట్లకు ధ్రువపత్రాలుంటాయి, ఒక్కోదానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మీ గడియారం ఏళ్ల కిందటి తేదీ చెబితే, ఆ ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ లెక్కగట్టి తలుపు మూస్తుంది. జనం ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. బ్యాటరీ పేరు సీఆర్2032, 3 వోల్టులు. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ పేరులోని అంకెలు అవే. ప్లగ్ తీసి, పక్కనున్న చిన్న కొక్కెం నొక్కితే పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే, బోర్డు సొంత సెట్టింగుల తెర) తేదీ సరిచేయండి. పాత బిళ్లను బల్ల మీద వదిలేయకండి. చిన్నపిల్లలు మింగితే గొంతులో కొద్ది గంటల్లోనే తీవ్రమైన కాలిన గాయాలు చేస్తుంది, అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన వ్యవహారం.

ఇక ఉన్నట్టుండి ఆగిపోయేవి, తమంతట తామే రీస్టార్ట్ అయ్యేవి. ఎప్పుడు ఆగుతోందో రాసి పెట్టుకోండి. ఆట ఆడుతున్నప్పుడో, వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడో మాత్రమే అయితే వేడి, లేదా ఎస్‌ఎంపీఎస్. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు రాగానే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ ఆగకపోతే ఆరిపోతాయి. ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు దిమ్మ, అదే హీట్ సింక్, దాని రెక్కల మధ్య దుమ్ము చాపలా పేరుకుని ఉంటుంది. గాలి డబ్బాతో ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. లేకపోతే గాలికి అది తన వేగాన్ని మించి తిరిగి బేరింగు పాడవుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టకండి, దాని గొట్టం దగ్గర స్థిర విద్యుత్తు పుడుతుంది.

ఏ పనీ లేనప్పుడు కూడా పడిపోతూ, ప్రతిసారీ వేరే వేరే ఎర్రర్ చూపిస్తుంటే ర్యామ్‌ను అనుమానించండి. విండోస్‌లో మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికితే పరీక్ష దొరుకుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్, తెరిచి 'కెర్నల్ పవర్ 41' అని చూసి "ఎస్‌ఎంపీఎస్ పోయింది" అని తేల్చేవారు ఉన్నారు. పోయినసారి సరిగా ఆపకుండానే కంప్యూటర్ ఆరిపోయింది అని మాత్రమే ఆ వాక్యానికి అర్థం. ఎందుకో అది చెప్పదు. కరెంటు పోయినా అదే రాస్తుంది.

అన్నట్టు, నేను మొదట అడిగిన ప్రశ్నకు ఈమధ్య ఇంకో కారణం కూడా కలిసింది. విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలి తెరను 2025లో విండోస్ 11లో నలుపు చేశారు. "తెర నల్లగా అయిపోయింది" అన్న మాటకు ఇప్పుడు రెండు అర్థాలు. అక్షరాలు ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి, ఆ ఎర్రర్ పేరు ఉంటేనే ఎవరైనా సాయం చేయగలరు.

నెమ్మదితనం గురించి ఎక్కువ చెప్పను. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నిత్యం 100 శాతం చూపిస్తూ, లోపల తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉంటే, ఎస్‌ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) మారడం ఒక్కటే అర్థమున్న ఖర్చు. క్లీనర్ ప్రోగ్రాములు, బూస్టర్లు ఎక్కించకండి, వాటిలో చాలావరకు కొత్త బరువే. హార్డ్ డిస్క్ టక్ టక్‌మని లయగా చప్పుడు చేస్తుంటే దాన్ని బాగుచేయబోకండి. రిపేరు ప్రోగ్రాములు నడపకండి, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కు అవి చివరి దెబ్బ కావచ్చు. చదవగలిగినంత వరకు ముఖ్యమైన ఫైళ్లు బయటికి కాపీ చేసుకోండి. పోతే తిరిగి రానివి ఆ పెట్టెలో ఉంటే వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి.

మరొకటి, ఇది కంప్యూటర్ జబ్బే కాదు. తెర నిండా ఎర్రటి హెచ్చరిక, పెద్ద సైరన్, "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మైక్రోసాఫ్ట్ పేరు. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదని ఆ సంస్థే చెబుతోంది. అది ఒక వెబ్ పేజీ మాత్రమే. ఆల్ట్, ఎఫ్4 నొక్కండి. మూసుకోకపోతే టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను ఆపేయండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి. ఫోన్ చేసి, అవతలివాడు చెప్పిన ప్రోగ్రామ్ ఎక్కించి ఉంటే వెంటనే ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి, ఇంకో పరికరం నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, బ్యాంకుకు చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, ఆలస్యం చేయడమే ప్రమాదం.

(సభలో ఒకరు: మెకానిక్‌కు ఇవ్వాల్సి వస్తే ఏమి చెప్పాలి?)

ఇంతసేపూ మనం చేసిందంతా అతనికి చెప్పడానికే. "పనిచేయడం లేదు" అని పెట్టె బల్ల మీద పెట్టి రావద్దు. "ఫ్యాన్లు తిరుగుతున్నాయి, క్యాప్స్ లాక్ వెలగదు, డ్రామ్ దీపం దగ్గర ఆగుతోంది, రెండు ర్యామ్‌లూ విడివిడిగా పెట్టి చూశాను" అని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. అతనికి సగం రోజు మిగులుతుంది. అనవసరంగా భాగాలు మార్చాలన్న ఆలోచన ఉన్నవాడైతే రెండుసార్లు ఆలోచిస్తాడు. పెట్టె లేస్తుంటే ఇచ్చేముందు మీ ఫైళ్లు కాపీ తీసుకోండి. లేవని పెట్టెకు ఎస్‌ఎంపీఎస్ మారుస్తున్నారంటే డిస్క్ అక్కర్లేదు, ఊడదీసి ఇంట్లో ఉంచుకోవచ్చు. మరలను ఒక కవరులో వేసి పెట్టుకోండి.

ఈ బల్ల మీద ఒక పాత పెట్టె ఉంది, ప్లగ్ తీసేశాను, పక్క మూత తెరిచే ఉంది. ఇంతవరకు ర్యామ్‌ను చేత్తో పట్టుకోనివారు ముందుకు రండి. ఒక్కొక్కరూ తీసి మళ్ళీ పెట్టండి. వెనక కూర్చున్నవారికి కూడా ఆ 'టక్' వినిపించాలి. వినిపించకపోతే మళ్ళీ తీయిస్తాను.